బదులు దరువు

అన్యాయం ఎవరికి జరిగింది? మాణిక్యప్పకు. ఏ విధంగా జరిగింది? సికింద్రాబాదులో ఒకనాటి మధ్యాహ్నం ఆయన చేతులు వాయించిన దరువు యాభై ఏళ్ళుగా మరొకరి పేరు మీద చలామణి అవుతూ వచ్చింది. ఆ మరొకరు ఎవరు? దేవానందం. సాక్షి ఎవరు? నేను. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఆర్గన్ ముందు కూర్చుని ఉన్నదాన్ని నేనే.

మా కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన క్రమం ఇదే. ప్రశ్న సూటిగా అడగాలి, జవాబు సూటిగా చెప్పాలి, అలంకారాలు ఆ తరువాత. జవాబు చెప్పాను కనుక ఇక జరిగినది చెబుతాను.

పాఠశాలల్లో నలభై ఏళ్ళు చదువు చెప్పి, ఇప్పుడు నారాయణఖేడ్ బస్సు డిపో వెనుక మేడమీద రెండు గదుల్లో ఉంటున్నాను. ముసురు పట్టిన రోజుల్లో డిపోలో ఆగిన బస్సుల ఇంజన్లు గురగురమంటూ ఉంటే, నేల సన్నగా వణుకుతుంది, మంచం వణుకుతుంది, ఆ వణుకులో మనిషి నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో తేలుతుంది. ఆషాఢం చివర అటువంటి ఒక మధ్యాహ్నం ఫోనులో ఒక కార్యక్రమం చూస్తున్నాను. మన దేశంలో రాక్ సంగీతానికి బాట వేసిన డ్రమ్మర్ల జీవితాల గురించి వారం వారం వచ్చే కార్యక్రమం అది. ఆ వారం దేవానందం వంతు.

డ్రమ్మర్ బతుకు చిత్రమైనది. వేదిక మీద అందరి వెనుక కూర్చుంటాడు. దీపాలు పాడేవాడి ముఖం మీద పడతాయి, ఇతని మీద నీడ పడుతుంది. కానీ ఇతను ఆగితే అందరూ ఆగిపోతారు. దేవానందం చర్చిలో ప్రార్థన పాటలకు చప్పట్లు కొట్టి తాళం నేర్చుకున్నాడు. రైల్వేవారి క్లబ్బులో శనివారపు నృత్యాలకు వాయించాడు. ఆ తరువాత మేము నలుగురం కలిసి ‘ది గ్రానైట్స్’ అనే బృందం కట్టాం. హోటళ్ళలో వాయించాం, ఒకే ఒక రికార్డు చేశాం. నేను పెళ్ళయి, బడిలో చేరి, ఆ లోకం విడిచిపెట్టాను. అతను బొంబాయి వెళ్ళాడు. అక్కడి నుంచి మద్రాసు చేరి సినిమా స్టూడియోల్లో పగలంతా పేరు లేకుండా వాయించి, సాయంత్రాలు పేరుతో వాయించాడు. మీట నొక్కితే మోగే యంత్రాలు వచ్చి డ్రమ్మర్ల కడుపు కొట్టిన కాలంలో తిరిగి వచ్చి మారేడ్‌పల్లిలో డ్రమ్స్ పాఠశాల పెట్టాడు. ఇవాళ దక్షిణాదిన పేరున్న ఏ బృందంలో చూసినా అతని శిష్యుడో, శిష్యుడి శిష్యుడో ఉంటాడు.

ఇదంతా నిజమే. ఒక్క అక్షరం కూడా కాదనను.

ఆ తరువాత మా రికార్డులోని వాన పాట వినిపించారు. ఆ పాట మొదట్లో మరే వాయిద్యమూ లేకుండా డ్రమ్స్ మాత్రమే మోగుతాయి. ఒక బరువైన దెబ్బ, దాని అంచున సూది గుచ్చినట్టు ఒక సన్నని దెబ్బ. మట్టి మీద కాలు పడి, ఆ కాలిలో ముల్లు విరిగినట్టు ఉంటుంది. ఈ దేశంలో డ్రమ్స్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆ ఎత్తుగడతోనే మొదలుపెడతారని వ్యాఖ్యాత చెప్పింది. అది మీకు ఎలా తట్టిందని దేవానందాన్ని అడిగింది.

తెల్లని జుట్టు వెనక్కి దువ్వుకున్న ఆ ముసలివాడు చిరునవ్వు నవ్వాడు. “టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడి ఉన్నాను. బయట వాన. వరండా రేకుల మీద పెద్ద చినుకు, చిన్న చినుకు. ఆ జ్వరంలో విన్నదే వాయించాను.”

నేను ఫోను బోర్లించాను. అతని మౌనాన్ని యాభై ఏళ్ళు సహించాను, ఎందుకంటే సహించమని మాణిక్యప్పే చెప్పాడు. అబద్ధాన్ని సహించమని ఎవరూ చెప్పలేదు.

నిజం ఇది. మాణిక్యప్పది నారాయణఖేడే. అతని తండ్రి డప్పు మోగనిదే మా నాన్న కళ్ళంలో రాశి లేచేది కాదు. కానీ ఆ డప్పు మా గేటు దాటి లోపలికి వచ్చిందీ లేదు. మాణిక్యప్ప పని వెతుక్కుంటూ పట్నం వచ్చి, మేము వాయించే హోటలులో సామాను మోసేవాడు. తీరిక దొరికితే దేవానందం డ్రమ్స్ ముందు కూర్చునేవాడు. ఇద్దరికీ జత కుదిరింది.

రికార్డింగు రోజున దేవానందం నిజంగానే జ్వరంతో దవాఖానలో ఉన్నాడు. బొంబాయి కంపెనీ మనిషి ఆ సాయంత్రం రైలెక్కాలి. పొద్దున్నే నేనూ మాణిక్యప్పా దేవానందం మంచం దగ్గరికి వెళ్ళాం.

“నువ్వు పండుకో. నీకు బదులు నేను పోత. నాకు అక్కర పడ్డనాడు నువ్వు రావాలె,” అన్నాడు మాణిక్యప్ప.

“వస్తాను,” అన్నాడు దేవానందం, ఎండిన పెదవులతో.

మా వైపు పొలాల్లో దీనినే బదులు పోవడం అంటారు. ఈ రోజు నీ చేనులో నేను కోస్తే, ఇంకో రోజు నా చేనులో నువ్వు కోయాలి. మనిషికి మనిషి, పొద్దుకు పొద్దు. పోయేవాడు తన కొడవలి తాను తీసుకుపోవాలి. కనుక మాణిక్యప్ప స్టూడియోకు తన డప్పు పుల్లలే తెచ్చాడు. కుడిచేతికి పొట్టిదీ లావుదీ అయిన సిర్ర, ఎడమచేతికి పొడవుగా సన్నగా ఉండే సిటికెన పుల్ల. డ్రమ్స్ మీద రెండు సమానమైన కర్రలు ఆడాలన్నది లోకం పద్ధతి.

కంపెనీ మనిషి ఆ సన్నని పుల్ల చూసి, “ఏమిటయ్యా ఇది, చీపురు పుల్లా?” అన్నాడు.

“చీపురే సాబ్. మీ చెవులు ఊడ్వనీకి తెచ్చిన,” అన్నాడు మాణిక్యప్ప.

ఆ తరువాత ఆ గదిలో ఏం జరిగిందో నాకు పూర్తిగా గుర్తు లేదు. గోడలకు మేకులతో కొట్టిన గోనెపట్టాలు గుర్తున్నాయి. దీపం చుట్టూ తిరిగిన దుమ్ము గుర్తుంది. నా వేళ్ళు ఆర్గన్ మీద ఉన్నాయి, కానీ అవి నావి కావు. ఎవరో నన్ను నీళ్ళ అడుగున నడిపిస్తున్నారు. రికార్డు అట్ట ముందే అచ్చయిపోయింది. దాని మీద డ్రమ్స్ దగ్గర దేవానందం పేరు ఉంది. మాణిక్యప్ప కోతలకని ఊరికి వచ్చేశాడు. మళ్ళీ పట్నం పోలేదు. మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తూ, పెళ్ళికీ చావుకీ బోనాలకీ డప్పు వాయిస్తూ ఉండిపోయాడు.

సెలవులకు వచ్చినప్పుడు ఒకటి రెండు సార్లు నేనే కదిపాను. “నా బదులు నాకున్నది. నడుమ నువ్వెందుకు పరేషాన్ అయితవు?” అన్నాడు. నేను ఊరుకున్నాను.

ఇప్పుడు ఊరుకోదలచలేదు. గొడుగు తీసుకుని, ఆటో మాట్లాడుకుని, సిర్గాపూర్ బాటలో యార్డు దాటి ఉన్న ఆయన ఇంటికి వెళ్ళాను.

మాణిక్యప్ప పందిరి కింద మంచం మీద ఉన్నాడు. వానలు మొదలైన రోజుల్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. భార్య సంగమ్మ ఆ చేతికి నూనె రాస్తోంది. వెనుక గోడకు డప్పు వేలాడుతోంది.

“ఏంది సుహాసినమ్మా, గింత ముసుర్ల బయలెల్లినవు? బడికి ఎవలన్న ఎగ్గొట్టిన్రా?” అన్నాడు.

“ఒకడు ఎగ్గొట్టాడు. విను,” అని కార్యక్రమం పెట్టాను.

కళ్ళు మూసుకుని విన్నాడు. వాన పాట వచ్చినప్పుడు ఆయన ముఖం వాకిట్లోని నీటిగుంటలా అయింది. పైన చినుకులు, అడుగున కదలని ఆకాశం. దేవానందం చెప్పిన రేకుల కథ ఆయన చెవికి ఎక్కినట్టే లేదు.

“గా ఎత్తుగడ ఇన్నవా? ఎవడు కొడతడు గట్ల? ఇయ్యాల్టికి గూడ నా అంతటోడు లేడు.”

“ఉన్నవు లే. డప్పు గోడకున్నది, నువ్వు మంచానికున్నవు,” అంది సంగమ్మ.

“చూసినవా అమ్మా, గీమె నోటికి పక్షవాతం రాదు.”

సంగమ్మ నవ్వలేదు. ఆ చెయ్యి ఆయన ఒడిలో పెట్టి, నా వైపు తిరిగింది. “ఈయనకు గా పాట ఎందుకమ్మా? శ్రావణంల పోచమ్మ బోనాలున్నయి. మొదటి దరువు మా ఇంటిది, తాతల కాలం నుంచి. ఇంటి మనిషన్న కొట్టాలె, లేకుంటే ఇంటికి బదులున్న మనిషన్న కొట్టాలె. కొడుకులు లేరాయె. బిడ్డ బీదర్ దిక్కు ఇచ్చినింటికి పాయె, ఆమె ఇల్లు వేరంటరు. ఈయేడు దరువు తప్పితే ఇగ ఎప్పటికి వాడల ఇంకో డప్పోడు మల్లప్ప ఇంటికే అని పెద్దమనుషులు చెప్పిపోయిన్రు.”

ఆడబిడ్డ ఇల్లు వేరన్న ఆ మాట మీద నాకు చెప్పవలసినది చాలా ఉంది, అది మరొకనాడు. మాణిక్యప్ప మాత్రం గోడ మీది డప్పును చూస్తున్నాడు. మోత బరువులకు వంగని మనిషి ఆ చూపు బరువుకు వంగి ఉన్నాడు.

“దేవానందం చేత నిజం ఒప్పిస్తాను. లోకమంతా వినేటట్టు చెప్పిస్తాను,” అన్నాను.

“ఒప్పుకుంటే నా చెయ్యి లేస్తదా? నువ్వు న్యాయం అంటవు. నాకు బదులు కావాలె.”

“అయితే అడుగు. ఇప్పుడే ఫోను కలుపుతాను.”

“అడగ. అడిగితే కూలికి పిలిచినట్లయితది. బదులున్నోడే చేను చూసుకుంట ఉండాలె. పంట వంగంగనే కొడవలి పట్టుకొని రావాలె. గిది నీకు తెల్వదా?”

“నాకు తెలుసు, మాణిక్యప్పా. అతనికి తెలియదు.”

ఆయన నా వైపు తిరిగాడు.

“అతను సికింద్రాబాదు మనిషి. చేను కోసినవాడు కాడు. పిలిస్తే రావాలని మాత్రమే అతనికి తెలుసు. పిలవకుండానే రావాలని ఎవరూ చెప్పలేదు.”

చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ ధార వెనుక బాట, యార్డు, ఎడ్లబండి, అన్నీ కరిగి ఒకే రంగు అయ్యాయి. మాణిక్యప్ప పెదవులు కదిలాయి.

“తెల్వదా?” అన్నాడు. మళ్ళీ, “తెల్వకనేనా?”

“మీ ఇద్దరి తెలివి కాలవడ! యాభై ఏండ్లు ఒకని బాట ఒకడు చూసుకుంట కూసున్నరా?” అంది సంగమ్మ.

నేను లేచి గొడుగు విప్పాను. మాణిక్యప్ప వెనుక నుంచి పిలిచాడు. “అమ్మా, రమ్మని అడగకు. చేను వంగిందని మాత్రం చెప్పు.”

మరునాడు హైదరాబాదు బస్సెక్కాను. దారంతా వాన. కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటే అద్దం అదురు నా కణతల్లో దిగి, కాన్వెంటు పియానో అయింది, గోనెపట్టాల గది అయింది, పంతొమ్మిదేళ్ళ నేనూ అక్కడే ఉన్నాను, ఎవరో పేరు చదువుతున్నారు, హాజరు పలకవలసిన మనిషి పలకడం లేదు. సంగారెడ్డిలో మెలకువ వచ్చింది.

మారేడ్‌పల్లిలో దేవానందం ఇంటి ముందుగది నిండా డ్రమ్స్, గోడల నిండా శిష్యుల ఫొటోలు. అతని చెవులు సగం పోయాయి. చెప్పులు విప్పి, పాదాలు నేలకు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు తాళం అరికాళ్ళతో వింటాడట.

“సుహాసినీ! తలుపు ఇంకా టీచర్ లాగే కొడుతున్నావు.”

“నువ్వు ఇంకా అబద్ధమే చెబుతున్నావు. రేకుల మీద వానట!” అన్నాను గట్టిగా. అతనికి వినిపించాలని కూడా.

అతను కాదనలేదు. డ్రమ్స్ కర్రలు తీసుకుని ఒళ్ళో దొర్లించాడు.

“మొదట ఎవరో పిల్లవాడు అడిగితే ఏదో చెప్పాను. చెప్పగా చెప్పగా అదే నా జ్వరం అయిపోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మాణిక్యప్ప కనబడడు, సుహాసినీ. వానే కనబడుతుంది.” కర్రలను దొర్లిస్తూనే, “హోటల్లో వాయిస్తున్నంత కాలం తలుపు వైపే చూసేవాడిని. వస్తాడు, నా బదులు నాకియ్యి అంటాడు అనుకునేవాడిని. రాలేదు. మరిచిపోయాడులే అనుకున్నాను. ఆ తరువాత, అతనే మరిచినప్పుడు నాకెందుకని నేనూ మరిచాను,” అన్నాడు.

“అతను మరవలేదు. బదులును అడగడం మా వైపు మర్యాద కాదు. తీర్చవలసినవాడే కనిపెట్టుకుని ఉండి రావాలి.”

దేవానందం చేతిలో కర్రలు ఆగాయి. ఆ ముఖంలో నేను చూడదలచిన సిగ్గు కనబడింది. దానితోపాటు నేను చూడదలచనిది కూడా కనబడింది. అతను భయపడుతున్నాడు.

“ఒకటి చూపిస్తాను,” అని డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. వాన పాట ఎత్తుగడ వాయించాడు. అన్ని దెబ్బలూ ఉన్నాయి, అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. కానీ బరువు దెబ్బ, ముల్లు దెబ్బ రెండూ ఒకే మనిషి రెండు కాళ్ళలా సమానంగా ఉన్నాయి. “ఎప్పుడూ ఇంతే. ఎన్ని దేశాలు తిరిగినా ప్రతి వేదిక మీదా ఆ చోటు వచ్చేసరికి నాకు చెమట పట్టేది. రికార్డు విన్నవాడెవడైనా లేచి, ఇది నువ్వు కాదు అంటాడని. ఎవరూ లేవలేదు.”

“నేను లేచాను. రెండు సంగతులు. అబద్ధం ఎక్కడ చెప్పావో నిజం అక్కడే చెప్పాలి. అది నా మాట. రెండోది మాణిక్యప్ప మాట. చేను వంగింది.”

“అంటే?”

కుడిచెయ్యి సంగతీ, పోచమ్మ బోనాల సంగతీ చెప్పాను. రమ్మని అనలేదు. అతను గోడ మీది ఫొటోలను ఒక్కొక్కటిగా చూశాడు. అవన్నీ అతనివైపు చూస్తున్నాయి.

“ఆ దరువులు నాకు రావు,” అన్నాడు చివరికి.

“ఆ రోజు డ్రమ్స్ అతనికి పూర్తిగా వచ్చేవా?”

నేను టీ తాగకుండా వచ్చేశాను.

రెండు వారాలకు అదే కార్యక్రమంలో దేవానందం మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి జుట్టు దువ్వుకోలేదు. “వాన పాట డ్రమ్స్ నేను వాయించలేదు. నారాయణఖేడ్ మాణిక్యప్ప వాయించాడు. నేను ఆ రోజు దవాఖానలో ఉన్నాను. రేకుల కథ అబద్ధం,” అన్నాడు. వ్యాఖ్యాత ఏదో మెత్తగా అనబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆ తరువాత అతని మీద వచ్చిన మాటలు నేను ఇక్కడ రాయను. కొందరు శిష్యులు గోడ మీద నుంచి తమ ఫొటోలు తీసుకుపోయారని మాత్రం విన్నాను. న్యాయం జరిగిందని ఆ పూట నాకు తృప్తిగా నిద్ర పట్టింది.

పొద్దున్నే ఫోను పట్టుకెళ్ళి మాణిక్యప్పకు చూపించాను.

“మంచిగ చెప్పిండు. గొంతు ముసలిదైంది పాపం,” అన్నాడు. అంతే. మళ్ళీ బాట వైపు తిరిగాడు. లోకమంతా తన పేరు విన్న రోజున కూడా ఆయన బస్సుల రాక చూస్తున్నాడు. నా న్యాయం ఆయన ఆకలికి సగం అన్నమేనని అప్పుడు అర్థమైంది.

బోనాల రోజు వచ్చింది. వాన తెరిపి ఇచ్చి, నేల నుంచి ఆవిరి లేస్తోంది. వాడలో ఆడవాళ్ళు కుండలకు సున్నం పూసి, పసుపు కుంకుమలు పెట్టి, వేపకొమ్మలు కట్టి, లోపల వండిన అన్నం పెట్టి వరుసగా నిలబడ్డారు. మాణిక్యప్పను ఆటోలో కూర్చోబెట్టారు. డప్పు ఆయన ఒళ్ళో ఉంది. మల్లప్ప తన డప్పును గడ్డిమంట మీద కాచి, వేలితో మీటి చూస్తున్నాడు. అతను చెడ్డవాడు కాడు. వాడలో ఆ దరువు పట్టగలిగినవాడు, దాని మీద ఆశ ఉన్నవాడు.

“పొద్దెక్కుతుంది మాణిక్యప్పా. ఇగ ఎంతసేపు?” అన్నాడు ఒక పెద్దమనిషి.

“వచ్చే బస్సు రానీయ్,” అన్నాడు మాణిక్యప్ప.

“ఎవలొస్తరు బస్సుల? పోచమ్మా?” అన్నాడు మల్లప్ప. అందరూ నవ్వారు. మాణిక్యప్ప కూడా నవ్వాడు, కానీ ఎడమచెయ్యి డప్పు అంచును వదలలేదు.

ఆవిరిలోంచి ఒక మనిషి వచ్చాడు. మొదట తెల్లని జుట్టు, ఆ తరువాత చొక్కా, ఆ తరువాత బురదైన ప్యాంటు. కలలో మనుషులు వచ్చేటట్టే, చప్పుడు లేకుండా వచ్చాడు. చంకలో గుడ్డలో చుట్టిన రెండు కర్రలు ఉన్నాయి. తన కొడవలి తాను తెచ్చుకున్నాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

మాణిక్యప్ప, దేవానందం ఒకరినొకరు చూసుకున్నారు. ఇరవైల్లో విడిపోయిన ఇద్దరు ఆ ముడతల్లో ఒకరినొకరు వెతుక్కోవడానికి కొంతసేపు పట్టింది.

“చేను వంగిందని తెలిసింది,” అన్నాడు దేవానందం.

“జర ఆలస్యమైంది. ఏం కాదు, గింజ రాలలే,” అన్నాడు మాణిక్యప్ప.

“ఏం తాతా, బ్యాండు మేళం తప్పిపోయి గిటు వచ్చినవా?” అన్నాడు మల్లప్ప.

దేవానందం చెవి నా వైపు వంచాడు. “ఏమన్నాడు?”

“స్వాగతం చెబుతున్నాడు,” అన్నాను.

పెద్దమనిషి మాణిక్యప్పను అడిగాడు. “ఈయన మీ ఇంటికి ఏమైతడు?”

“బదులున్నడు.”

“ఏ పనికి?”

“దరువుకే. పొద్దుకు పొద్దు.”

పెద్దమనిషి తల ఊపాడు. ఆ మాటకు మించిన పత్రం మా వైపు లేదు. మాణిక్యప్ప ఒళ్ళోని డప్పును మంట మీద కాచి దేవానందం భుజానికి తగిలించారు. వేడికి బిగిసిన ఆ తోలును అతను చెంపకు ఆనించుకుని ఒక క్షణం కళ్ళు మూసుకున్నాడు.

దరువు మొదలైంది.

అది మాణిక్యప్ప దరువులా లేదు. సమానమైన కర్రలతో సిర్ర బరువూ రాదు, సిటికెన పుల్ల కాటూ రాదు. మొదట కాళ్ళు కుదరక ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దేవానందం ఆగాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, తడి మట్టిలో అరికాళ్ళు ఆనించాడు. ముందు నిలబడ్డ సంగమ్మ పాదాల కదలికను మట్టి గుండా విన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి దరువు గుండ్రంగా, మెత్తగా, పాత గోడ గడియారంలా వచ్చింది. అందులో చర్చి చప్పట్లున్నాయి, రైల్వే క్లబ్బు శనివారాలున్నాయి, పేరు లేకుండా వాయించిన పగళ్ళున్నాయి. సంగమ్మ బోనం ఎత్తుకుని అడుగు వేసింది. వరుసంతా కదిలింది.

వాడ దాటి, యార్డు గోడ పక్కగా, బాట ఎత్తు ఎక్కేచోట అతని ఊపిరి తెగడం మొదలైంది. డప్పు తాడు భుజంలోకి దిగి చొక్కా తడిసిపోయింది. మల్లప్ప పక్కకు వచ్చాడు. ఈసారి ఎగతాళి లేదు.

“తాతా, జర నాకియ్యి. నువ్వు పడిపోతవు.”

దేవానందం తల అడ్డంగా ఊపాడు. వినబడక ఊపాడో, వినబడి ఊపాడో తెలియదు. దరువు తడబడింది, వంగింది, తెగబోయింది. నేను ఆటో పక్కన నడుస్తున్నాను. మాణిక్యప్ప ఎడమచేతి వేళ్ళు ఆటో ఇనుప కడ్డీ మీదికి వెళ్ళాయి. ఒక్కసారి కొడితే చాలు, అతనికి తాళం అందుతుంది. ఆ వేళ్ళు కడ్డీని తాకబోయి ఆగాయి. ఆయన వాటిని వెనక్కి తీసుకుని, మోకాలి కింద పెట్టి నొక్కుకున్నాడు. సాయం చేస్తే బదులు తీరదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ చెయ్యి కదలలేదు.

దేవానందం నిలదొక్కుకున్నాడు. ఎవరూ అందించకుండానే తాళం తనే పట్టుకున్నాడు. అప్పుడు అతను వాయించినది నేను ఏ వేదిక మీదా వినలేదు. అది మాణిక్యప్పది కాదు, వానది కాదు, జ్వరానిది కాదు. ముదిమి వచ్చిన ఒక మనిషి సొంత దరువు. దాని వెంట అందరం గుడి వరకూ నిద్రలో నడిచినట్టు నడిచాం. పోచమ్మ ముందు బోనాలు దిగాయి. చివరి దెబ్బ పడింది.

గుడి పక్కన పందిట్లోని మైకులో ఒక గొంతు మోగింది. “మొదటి దరువు మాణిక్యప్ప ఇంటిది! మాణిక్యప్ప దరువు! ఈయేడు గూడ గట్టిగ మోగింది!”

గుడి అరుగు మీద కూర్చోబోయిన నేను ఠక్కున లేచాను. తప్పు వినబడితే లేవడం నా వృత్తి. మైకు వైపు నడిచి, వాయించిన మనిషి పేరు చెప్పించబోయాను.

“వద్దమ్మా,” అన్నాడు మాణిక్యప్ప ఆటోలోంచి. “నేను కొట్టిన నాడు పేరు ఆయనది. ఆయన కొట్టిన నాడు పేరు నాది. గప్పుడే సరిపోతది.”

దేవానందం ఆ మాట వినలేదు. మైకులో వచ్చిన పేరు మాత్రం వినబడింది. మా వైపు తిరిగి, అలసిన ముఖంతో, పిల్లవాడిలా నవ్వాడు. జీవితంలో తన సొంతదని చెప్పగల దరువు వాయించిన రోజున అది మరొకరి పేరు మీద పోయింది. నేను వెనక్కి వచ్చి నిలబడ్డాను.

అతను డప్పు తీసి మాణిక్యప్ప ఒళ్ళో పెట్టాడు. సంగమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగాక బదులు తీర్చినవాడు అడగవలసిన మాట ఒకటి ఉంది. అది డప్పు తగిలించేటప్పుడే నేను దేవానందం చెవిలో చెప్పి ఉన్నాను.

“చెల్లిందా?” అన్నాడు.

మాణిక్యప్ప డప్పు తోలు మీద ఎడమ అరచెయ్యి పరిచాడు. వేడి ఇంకా ఉన్నట్టుంది, చెయ్యి అక్కడే ఉంచాడు.

“చెల్లింది,” అన్నాడు.